తనిఖీ రోజున తెరిచిన తలుపు

వెనక మెట్ల దగ్గరున్న తలుపు తాళంలో చెవి పెట్టి ఆమె ఆగింది. ఆ తాళం వేసింది తనే... కిందటేడు అమ్మ ఆ తలుపులోంచి బయటికి వెళ్ళిపోయి, పెద్ద రోడ్డు మీద లారీల మధ్య నిలబడి దొరికిన రోజున, ఏడుస్తూనే కొట్టుకు పరిగెత్తి కొని తెచ్చి వేసిన తాళం. ఈ వృద్ధుల హోమ్‌లో నిప్పు అంటుకుంటే మంచాన ఉన్నవాళ్ళందరినీ బయటికి మోసుకుపోవాల్సిన దారి అదేనని ఆమెకి తెలియక కాదు. తెలుసు. ఈ హోమ్ నడిపేది తనూ, తన భర్తే కదా... తెలిసే వేసింది. కన్నతల్లి లారీ కింద పడుతుందన్న భయం ముందు, ఎప్పుడొస్తుందో తెలియని మంట ఏపాటి?

"తియ్యి, ఇంకా ఆలోచన దేనికి?" అన్నాడు భర్త వెనకనుంచి, చొక్కా కాలర్ సర్దుకుంటూ. "ఇది తనిఖీకొచ్చే మేడమ్ కంటపడితే మన లైసెన్సు పోయినట్టే. ఈ ఒక్కపూటే కదా."

"మరి అమ్మ?"

"పొట్టి ఆయాని తలుపు దగ్గర కూర్చోబెడుతున్నాగా." అని అక్కడున్న ఆయావైపు తిరిగాడు. "అత్తయ్య ఇటు రాకుండా చూసుకో. ఇంకో మాట... స్నానాలగది బెల్లు మోగిందా, ఎవరైనా సరే, ఎక్కడున్నా సరే, పరిగెత్తాలి."

"నెల రోజులనుంచీ ఇదే పాట కదయ్యగారూ. నిన్న మా ఇంట్లో పక్కవాళ్ళ సైకిల్ బెల్లు మోగినా లేచి పరిగెత్తాను," అంది ఆయా.

ఆమె లోపలికి వెళ్ళి అమ్మని ముస్తాబు చేసింది. ఇస్త్రీ మడత నలగని బట్టలు, నున్నగా దువ్విన జుట్టు, తుడిచిన కళ్ళజోడు, చేతిలో పాత తోలుసంచీ... ఇన్నాళ్ళకి మళ్ళీ అచ్చం ఆనాటి బడి హెడ్మిస్ట్రెస్సే. ఒక్కటే తేడా. ఆ హెడ్మిస్ట్రెస్ కూతురి మొహం ఒక్కసారి చూస్తే చాలు, వచ్చింది జ్వరమో, చెప్పేది అబద్ధమో ఇట్టే కనిపెట్టేసేది. ఈ అమ్మకి ఎదురుగా ఉన్నది కూతురనే తెలియడం లేదు.

"నువ్వు కొత్త నర్సువా?" అంది అమ్మ.

"రోజూ వచ్చేదాన్నేనమ్మా."

"ఏమో, రోజుకో మొహం పంపిస్తారు. ఏమిటీ హడావిడంతా?"

"ఇన్‌స్పెక్షన్ ఉంది."

అమ్మ నిటారుగా కూర్చుంది. "ముందే చెప్పొద్దూ నర్సమ్మా? పిల్లలు గోళ్ళు తీసుకున్నారా? ఆ వెనక బెంచీ వెధవల్ని ఇవాళ్టికి బడికి రావద్దని కబురు చెయ్యి."

నవ్వాల్సిన మాటే. ఆమె మాత్రం వంగి అమ్మ తోలుసంచీ పట్టీ సర్దింది.

తనిఖీకి వచ్చిన అధికారిణి చెప్పుల చప్పుడు కూడా వినిపించని మనిషి. ఆ నిదానం చూసే ఆమెకి ఇంకా భయమేసింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, టీ ఇస్తే వద్దంది. నేరుగా స్నానాలగదికి వెళ్ళి వేడినీళ్ళ పంపు కింద థర్మామీటర్ పెట్టింది. గోడకున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఊడొస్తుందేమోనని బరువంతా వేసి లాగింది. మంచాన పడ్డ రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ గారి దుప్పటి మడిచి, "ఏమీ అనుకోకండి" అంటూ, పుండ్లు పడ్డాయేమోనని ఆయన మడమలు ఎత్తి చూసింది.

"నా కాళ్ళు పట్టుకున్న మొదటి ఆఫీసరు మీరేనమ్మా," అన్నాడాయన ముచ్చటపడుతూ.

అధికారిణి నవ్వి, మళ్ళీ స్నానాలగదిలోకి నడిచి, నేలకి దగ్గరగా వేలాడుతున్న బెల్లు తాడు లాగి, గోడకి చేరబడి నిలబడింది. ఇక్కడెవరైనా పడిపోతే పలికే దిక్కుందో లేదో చూద్దామని.

ధబధబా అడుగులు. రొప్పుతూ, ఆయాసపడుతూ వచ్చింది... పొట్టి ఆయా.

"ఎవరు పడ్డారు? ఎవరికేమైంది?"

"ఎవరూ పడలేదు. బాగా వచ్చారు. ఇంత తొందరగా రావడం నేను చాలాచోట్ల చూడలేదు," అంది అధికారిణి.

భర్త మొహం వెలిగిపోయింది. ఆమె మాత్రం చటుక్కున వెనక తలుపు వైపు చూసింది. ఆయా ఇక్కడుంటే... తలుపు దగ్గర ఎవరున్నారు? ఆయాకీ అప్పుడే తట్టినట్టుంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి పరిగెత్తింది. కాసేపటికి అధికారిణి వెనక కనిపించి, లేరన్నట్టు చేతులు తిప్పింది. తలుపు బార్లా తెరిచి ఉందని సైగ చేసింది. అమ్మ కుర్చీ ఖాళీ.

ఆమె భర్త చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "ఏవండీ, అమ్మ లేదు. నేను వెళ్తున్నాను."

"ఆగు," అన్నాడు పళ్ళ బిగువున. "ఎవరైనా పరిగెడితే కిటికీలోంచి ఆవిడకి కనిపిస్తుంది. తోటలోనే ఎక్కడో ఉంటారు. కాసేపు ఓర్చుకో."

"మీ అమ్మయితే ఓర్చుకునేవారా?"

అతను ఉలిక్కిపడ్డాడు. అయినా వెనక్కి తగ్గలేదు. "ఈ హోమ్ మూసేస్తే వీళ్ళంతా ఎక్కడికి పోతారు? మీ అమ్మ మాత్రం ఎక్కడికి పోతారు, చెప్పు?"

ఆ మాటకి ఆమె అడుగులు ఆగిపోయాయి. అధికారిణి వెంట వంటగదికి నడిచింది. ఫ్రిజ్‌లో పాలు ఎప్పటివని అడిగితే చెప్పింది, మందుల అలమర తాళంచెవి ఎవరి దగ్గరుంటుందంటే చూపించింది. నోరు దాని పాటికది మాట్లాడుతోంది, చెవులు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి. ఎక్కడో లారీ హారన్ మోగింది. బ్రేకు వేసిన చప్పుడు... అమ్మేనా? కాదు, మళ్ళీ కదిలింది. ప్రాణాలు ఉగ్గబట్టుకుని నవ్వుతోంది. చిన్నప్పుడు బజారులో తను తప్పిపోతే, చెప్పులు ఊడిపోయినా చూసుకోకుండా ప్రతి కొట్లోకీ దూరి వెతికిందట ఈ తల్లి. ఆ తల్లి కన్న కూతురు ఇప్పుడు, పాలు ఎప్పటివో లెక్క చెబుతోంది... ఛీ.

అధికారిణి అమ్మ మంచం దగ్గర ఆగింది. "ఇక్కడ ఎవరుంటారు?"

"ఆవిడ... స్నానానికి వెళ్ళారండి," అన్నాడు భర్త.

"లేదండి."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆయన చెప్పింది అబద్ధం. ఈ మంచం మా అమ్మది. మతి నిలవదు. వెనక తలుపుకి ఎప్పుడూ తాళం వేసి ఉంచుతాను, ఇవాళ మీకోసం తీశాను. అమ్మ వెళ్ళిపోయింది. మీరేం రాసుకుంటారో రాసుకోండి, మూసేస్తే మూసేయండి... నన్ను మాత్రం వెళ్ళనివ్వండి."

అధికారిణి చేతిలోని కాగితాలు మంచం మీద పెట్టేసింది. "ఎటువైపు వెతికారు?"

"ఇంకా... వెతకలేదండి."

"వెతకలేదా?"

ఆ ఒక్క మాటకి భర్త తల దించుకున్నాడు.

"పదండి. నా కారు ఉంది," అంటూ అధికారిణి అప్పటికే ఫోన్ తీసింది. డ్రైవర్ గొంతు పక్కవాళ్ళకి కూడా వినపడేంత పెద్దది.

"మేడమ్, నేను పెద్ద మేడమ్‌గారితో ఉన్నాను కదండీ."

"ఏ పెద్ద మేడమ్?"

"ఇంకో ఆఫీసరు గారు కూడా వస్తారన్నారు కదండీ పొద్దున. ఆవిడే. సంచీ పట్టుకుని వెనక మెట్లు దిగొచ్చి కూర్చున్నారు. పోనివ్వు, ఆలస్యమైంది అన్నారు. ఎక్కడికండీ అంటే, నీకు తెలీదా అని కసిరారు. మళ్ళీ అడిగే ధైర్యం చాల్లేదండీ."

వెనకనుంచి ఇంకో గొంతు వినిపించింది. "బండి నడుపుతూ ఫోనేమిటి? చెవి మెలేస్తాను."

అమ్మే. ఆమె ఉన్నచోటే నేల మీద కూలబడిపోయి, మొహం చేతుల్లో దాచుకుని, ఇన్నాళ్ళ ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది.

కారు వచ్చి గేటు ముందు ఆగింది. అమ్మ హుందాగా దిగి, డ్రైవర్‌ని "బాగానే నడిపావు" అని మెచ్చుకుని, ఎదురొచ్చిన కూతుర్ని "జరుగు నర్సమ్మా" అని పక్కకి తప్పించి, ఆయా వెంట లోపలికి వెళ్ళింది.

డ్రైవర్ దోషిలా చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "తప్పయిపోయిందమ్మా. ప్రతి ఇంటి ముందూ నెమ్మదిగా పోనిమ్మన్నారు. ఎవరింటికండీ అంటే, మా అమ్మాయి కోసం అన్నారు. అది ఎక్కడో పనిచేస్తోంది, నన్ను చూడ్డానికి దానికి తీరిక లేదు. నేనే వెళ్దామంటే వీళ్ళు తలుపుకి తాళం వేస్తారు, అన్నారమ్మా."

ఆమె గేటు కడ్డీ పట్టుకుంది. ఇన్నాళ్ళూ అమ్మ పారిపోతోందనుకుంది. అమ్మ తన దగ్గరికే వస్తోంది... తనే తాళం వేసి ఆపుతోంది.

అధికారిణి వెళ్ళేముందు ఆమెని కూర్చోబెట్టి, మెత్తగానే, ఏదీ దాచకుండా చెప్పింది. "తాళం సంగతి రాస్తాను, తప్పదు. మంటల్లో అందరూ ఆ తలుపు దగ్గరికొచ్చి ఆగిపోయేవాళ్ళు, మీ అమ్మగారితో సహా. తలుపు తెరిస్తే మోగే బెల్లు పెట్టించండి. అక్కడ కాపలా మనిషి ఉండాలి, ఎవరు పిలిచినా కదలకూడదు. అంతవరకూ కొత్తవాళ్ళని చేర్చుకోవద్దు. హోమ్ మూయమని మాత్రం రాయను. ఈసారి చెప్పకుండా వస్తాను." ఆగి, ఇంకో మాట అంది. "ఆవిడ బయటికి వెళ్ళాలనుకుంటున్నారు. ఎవరో ఒకరు వెంట వెళ్ళొచ్చు కదా?"

మర్నాడు భర్తే నిచ్చెన వేసుకుని తలుపుకి బెల్లు బిగించాడు. కిందనుంచి మేకులు అందిస్తున్న ఆమెవైపు చూడకుండానే అన్నాడు. "మీ అమ్మయితే అన్నావు చూడు... రాత్రంతా అదే. అత్తయ్య దొరక్కపోయుంటే నీ మొహం ఎలా చూసేవాణ్ణి?"

ఆమె మేకు అందిస్తూ అతని వేళ్ళు ఒకసారి నొక్కి వదిలింది.

"సాయంత్రం మందులిచ్చే పని నాది," అన్నాడు. "నువ్వు ఆవిణ్ణి తీసుకుని అలా వెళ్ళిరా."

సాయంత్రం ఇద్దరూ బయల్దేరారు. అమ్మ ప్రతి గేటు దగ్గరా ఆగింది, ప్రతి బాల్కనీలోకీ చూసింది. కూరగాయల బండి దగ్గర, బస్సు దిగేవాళ్ళలో, కుట్టుమిషన్ల కొట్లో... ఎక్కడా లేదు.

"మీ అమ్మాయి ఎలా ఉంటుందమ్మా? నేనూ చూస్తాను," అంది ఆమె.

అమ్మ నిలబడి ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. "ఇంచుమించు నీలాగే ఉంటుంది. ఇదే ముక్కు, ఇదే నుదురు. నీలా ఇంత బెంగగా మాత్రం ఉండదు నర్సమ్మా. అది నవ్వుతుంది."

ఆమె నవ్వబోయింది. పెదవులు కదిలాయి గానీ, కళ్ళు మాట వినలేదు.

అమ్మ చెయ్యి చాచి ఆమె చెంపలు తుడిచింది.

"ఛ, దానికి నువ్వెందుకు ఏడుస్తావు? దొరుకుతుందిలే. ఇద్దరం వెతుకుతున్నాం కదా," అని, తనే చెయ్యి పట్టుకుని నడిపించింది.