వెలిసిపోయిన చోటు

స్లైడ్‌లో వెలుగు లేదు.

గురువారం మధ్యాహ్నం 3.10కి కమిటీలోని ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు మైక్రోస్కోపులోకి చూశారు. గుర్తుగా సిరా చుక్క పెట్టిన చోట పచ్చగా వెలగాల్సిన కణాలు నల్లగా ఉన్నాయి.

ఒక పరిశోధక విద్యార్థిని ఐదేళ్ళ పని కట్టుకథ అని తేల్చారు. ఆమెను తీసేశారు. ఆ సంగతి తెలిపే ఉత్తరం ఇంటికి చేరిన తొమ్మిదో రోజున ఆమె తండ్రి ఆస్పత్రిలో పోయాడు.

నాలుగు నెలల తర్వాత, ఆమె అప్పీలు మీద ఒక రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్ విచారణకు వచ్చాడు. మైక్రోస్కోపు ఎలా చూడాలో ఆయనకు తెలియదు. ల్యాబ్ టెక్నీషియన్ రెండు రోజులు కూర్చోబెట్టి నేర్పాడు. అందరూ బాబాయ్ అని పిలిచే మనిషి.

"నెమ్మదిగా తిప్పండి సార్. అదేం దొంగ కాదు, పారిపోదు."

"ఈ నీలం లైటు ఎందుకు?"

"దాంతోనే రంగు వెలుగుతుంది. కన్ను తీయగానే షట్టర్ మూసేయాలి. లేకపోతే ఎండలో మరిచిపోయిన చీరలా వెలిసిపోతుంది."

"మళ్ళీ రాదా?"

"రాదు." బాబాయ్ గొంతు తగ్గించాడు. "ఒక్కచోటే చూడకండి సార్. జరిపి చూడండి."

శనివారం ఉదయం 11 గంటలకు ఇన్‌స్పెక్టర్ అందరినీ ల్యాబ్‌లోకి పిలిచాడు. డైరెక్టరు, ఆమెకు గైడుగా ఉన్న ప్రొఫెసరు, ఆ అమ్మాయి, బాబాయ్.

"ప్రొఫెసర్ గారూ, కమిటీకి ముందు ఈ స్లైడ్ చూశారా?"

"ముట్టుకోలేదు," అన్నాడు గైడు.

ఇన్‌స్పెక్టర్ స్లైడ్‌ను వెంట్రుకవాసి జరిపాడు. స్క్రీన్ మీద గుండ్రని నల్ల మచ్చ. చుట్టూ పచ్చటి కణాలు.

"కట్టుకథైతే ఇవీ వెలగకూడదు. చుక్క దగ్గరే వెలిసిందంటే, అక్కడే ఎవరో గంటల తరబడి లైటు వేశారు."

"తనే వేసి ఉంటుంది," అన్నాడు గైడు.

"ల్యాంపు ఎన్ని గంటలు వెలిగిందో చూపే మీటరు, కమిటీ వచ్చిన వారం మంగళవారం సాయంత్రం 412 గంటలు. గురువారం ఉదయం 415. మధ్యలో ఆమె తండ్రి మంచం పక్కనుంది. ఆస్పత్రి రిజిస్టరు చూశాను."

ఇన్‌స్పెక్టర్ మామూలు లైటు వేశాడు. మచ్చలోని కణాల ఆకారాలు తేలాయి. మూడు అతుక్కుని ఉన్నాయి, ఒకటి చీలింది. దాని పక్కనే, గైడు కొత్తగా ప్రచురించిన వ్యాసంలోని ఫోటోను తనే పెట్టాడు.

అవే మూడు. అదే చీలిక. ఫోటోలో పచ్చగా వెలుగుతున్నాయి.

"ఇవి వెలుగుతున్న ఫోటో లోకంలో ఇదొక్కటే. దాని కింద మీ పేరుంది. ఫోటో తీసుకున్నాకే చుక్క దగ్గర లైటు వేసి వదిలేశారు."

గైడు చేతిరుమాలు తీశాడు.

"నీ డిగ్రీ నీకు వస్తుందమ్మా," అన్నాడు డైరెక్టరు. "విషయం మాత్రం బయటికి పొక్కనివ్వకు."

ఆమె బాబాయ్ వైపు తిరిగింది.

"బాబాయ్, మీటరు రాసేది నువ్వే కదా."

"అవునమ్మా. బుధవారం గైడు గారిని ఇక్కడే చూశాను కూడా. నాకింక రెండేళ్ళే సర్వీసుంది. నోరు పెగల్లేదు. అందుకే సార్‌కి జరిపి చూడమని చెప్పాను."

"మంచి పని చేశావు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "నాన్నకి చూపు ఆనేది కాదు. ఆ ఉత్తరం నేనే చదివి వినిపించాను."

"ఏమన్నారమ్మా?"

"నిజం చెప్పు తల్లీ, ఏమీ అనను అన్నారు. నేను ఏ తప్పూ చేయలేదని చెప్పాను."

బాబాయ్ తల దించుకున్నాడు.

"నమ్మలేదు," అంది.