నాలుగింటికి గెంతే కాలువ

వరద హెచ్చరికల కేంద్రంలో పనిచేసే అమ్మాయి ఏడుపుమొహంతో వచ్చింది.

"మూడ్రోజులుగా సైరన్ మోగుతోంది సార్, చుక్క వాన లేదు! కాలువ పక్కవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని పరుగులు. నేనే కంప్యూటర్ కెలికానంటున్నారు మా అధికారి. సాయంత్రం సైరన్ పీకేస్తారట. రేపేమో నిజంగా పెద్ద వాన!"

డిటెక్టివ్ పొడుగాయన కుర్చీలోంచి లేచాడు. ఆయన లేవడం పూర్తయ్యేలోపు అసిస్టెంటు బుడంకాయ కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు. చీమ నడక విని దాని వయసు చెప్పగలడని గురువుగారి గురించి బుడంకాయ చేసే ప్రచారం.

కేంద్రంలో తెరమీద గీత చూశారు. రోజూ సరిగ్గా నాలుగింటికి నీరు ఒక్కసారిగా రెండు మీటర్లు లేచి, నిమిషంలో దిగిపోయింది.

"కాలువ గెంతుతుందిట్రా?" అన్నాడు పొడుగాయన.

వంతెన కింద సెన్సర్ వేలాడుతోంది. అది కిందికి శబ్దం పంపుతుంది. ఎంత త్వరగా తిరిగొస్తే నీరంత ఎత్తున ఉన్నట్టు లెక్క. దాని కడ్డీకి బూజు, ముఖం మాత్రం తోమిన గిన్నెలా తళతళ.

"దీన్ని ఎవరు తుడుస్తారమ్మా?"

"ఎవరూ తుడవరండీ."

"ఇది రాకముందు లోతు ఎవరు చూసేవారు?"

"మా నాన్న. ముప్పయ్యేళ్ళు. నాలుగింటికి కొలకర్ర పాచి తుడిచి మరీ చూసేవారు."

బుడంకాయ నోరు తెరిచాడు. పొడుగాయన మూయించాడు.

సాయంత్రం అందరినీ కేంద్రంలో కూర్చోబెట్టాడు. "సెన్సర్ కింద కర్రకి కట్టిన గుడ్డ ఆడింది. శబ్దం దానికే తగిలి తిరిగొచ్చింది. యంత్రం వరదనుకుంది. అంతేనా పెద్దాయనా?"

తండ్రి తలొంచుకున్నాడు. "దుమ్ము పడితే మెషీను తప్పు చెబుతుందని అమ్మాయి ఆదివారం అన్నంతింటూ అంది. పిల్లకి మాట రాకూడదని తుడిచాను. సైరన్ మోగేసరికి ఇంకా దుమ్ముందేమోనని మర్నాడు మరింత గట్టిగా..."

అమ్మాయికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అధికారి గొంతు సవరించుకున్నాడు. "సరే, సైరన్ ఉంచుతాం. కానీ రేపది మోగితే నమ్మేదెవరు?"

"నేను చెబితే నమ్ముతారు," అన్నాడు తండ్రి.

మర్నాడు మధ్యాహ్నం వాన కుండపోత. సైరన్ మోగింది. ముసలాయన మోకాలిలోతు నీళ్ళలో ఇంటింటి తలుపూ కొట్టాడు. ఆ గొంతు వినగానే జనం మారుమాట లేకుండా స్కూలు మేడ ఎక్కేశారు.

కేంద్రంలో ఫోన్ మోగింది.

"అందరూ ఎక్కేశారమ్మా."

"నువ్వో నాన్నా?"

"ఇదిగో, మెట్ల మీదున్నా. నువ్వు అన్నం తిన్నావా?"