వీణ కోసం ఆగిన బృందం

నాకు అక్షరాలు వచ్చింది అరవై రెండో ఏట. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. ఒక్క పేజీకి రెండు రోజులు పడుతుంది నాకు. కథ నిదానంగా సాగితే ఆ తప్పు నా చేతిదే.

జగదాంబ కూడలిలో ఆ ఉదయం ప్రసూన రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

విశాఖపట్నంలో కూడళ్ల దగ్గర బండ్లను ఆపే ఎర్రదీపాలు తీసేసి ముప్పై ఏళ్లవుతోంది. మనుషులూ బండ్లూ మగ్గం మీది పడుగూ పేకల్లా ఒకరి సందులోంచి ఒకరు సాగిపోతారు. ఎవరూ ఎవరినీ తాకరు. ప్రతి ఒక్కరి చెవి వెనకా బియ్యపుగింజంత లయపూస ఉంటుంది. కొండ మీది లయకేంద్రం పంపే తాళం ఆ పూసలోంచి ఎముకకు అందుతుంది. అడుగు దానంతటదే పడుతుంది. రోడ్డు మీద మనిషి చావడమన్నది పిల్లలకు పాఠాల్లో తప్ప తెలియదు.

పక్షవాతం వచ్చాక ప్రసూన నరాలకు ఆ తాళం అందలేదు. డాక్టర్లు పూస తీసేయమన్నారు.

"ఓలమ్మా, ఏటలా నిలబడిపోనావు? అందరికీ అడుగు తప్పిపోతంది!" అంది చేపల గంప మోసుకొస్తున్న మనిషి.

"కాలు రావాల గదమ్మా. అది వస్తే నేనూ..." అనేలోపే గంప అవతలి గట్టుకు చేరిపోయింది.

భర్త ఇందుశేఖర్ ఆమె మోచెయ్యి పట్టుకుని లాగాడు. "నడు ప్రసూనా."

"లాగకండి. ఊరు తోస్తే తోసింది. మీరూ లాగేస్తే ఎలాగండీ?"

ఆయన చెయ్యి వదిలేశాడు. ఊరు నడిచే ఆ తాళం ఆయన కట్టిందే.

నలభై నాలుగేళ్ల వయసుకే ఇందుశేఖర్ ఏడు మహాకృతులు రాశాడు. అరవై మంది వాయించే వాద్యబృందాన్ని ఒంటిచేత్తో నడిపేవాడు. చెయ్యి పైకెత్తి, బృందంలో అందరికంటే నిదానస్తుడి ఊపిరి నిండేదాకా దించేవాడు కాడు. ఆ నిశ్శబ్దం వినడానికే జనం టిక్కెట్లు కొనేవారు. పేరు విని లయకేంద్రం వాళ్లు వచ్చారు, నగరానికి తాళం కట్టమన్నారు. కట్టాడు. పదహారు దెబ్బలకొకసారి చిన్న విరామం పెట్టాడు.

"ఇది దేనికండీ? అందరూ ఊరికే ఆగుతారు కదా," అన్నాడు అక్కడి ఇంజనీరు.

ఇందుశేఖర్ వాదించలేదు. ఎర్ర పెన్సిలుతో తనే కొట్టేశాడు.

ఆ గీత ఎంత దూరం వెళ్లిందో తెలియడానికి ముప్పై ఏళ్లు పట్టింది. పిల్లవాడు మాట కూడబలుక్కునేలోపే తల్లి ఆ మాట అందించేస్తోంది. ఇంట్లో శవం లేవకముందే చుట్టాలు పరామర్శ ముగించుకుని వెళ్లిపోతున్నారు. మూడు లెక్కపెట్టేంతసేపు మించి ఎవరూ ఎవరికోసమూ ఆగలేకపోతున్నారు. ఇందుశేఖర్ మాత్రం ఏనాడూ పూస పెట్టుకోలేదు. తాళం చెప్పేవాడికి ఒకరు తాళం చెప్పడమేమిటని ఆయన గర్వం.

డెబ్బై నాలుగో ఏట చివరి కృతి రాశాడు. దాని నడుమ బృందమంతా ఆగాలి. ఆ మౌనంలో ప్రసూన వీణ మీద నాలుగు స్వరాలు పలకాలి. పెళ్లికి ముందు విజయనగరంలో ఆమె వీణ విన్నాకే ఆయన మొదటి కృతి మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆమె మీటాలనుకున్నాక వేలు కదలడానికి పది లెక్కపెట్టేంతసేపు పడుతుంది. ఆ నాలుగు స్వరాలూ నిలబడితే, తను కొట్టేసిన విరామం ఆమెకైనా తిరిగి ఇచ్చినట్టవుతుందని ఆయన ఆశ.

సాధన మొదటిరోజు అందరూ పూసలు తీసి పళ్లెంలో పెట్టారు. విరామం వచ్చింది. మూడు లెక్క కాగానే మొదటి వయొలిన్ కృపాకర్ కమాను తీగ మీద పడింది. వెనకే అందరూ.

"క్షమించండి గురువుగారూ. చెయ్యి నా మాట వినలేదు."

"మళ్లీ," అన్నాడు ఇందుశేఖర్.

మళ్లీ అదే. మృదంగం వాయించే కుర్రది విరామం పూర్తికాకుండానే ఏడ్చేసింది.

ప్రసూన నవ్వింది. "నాకు వేలు రాదు, మీకు వేలు ఆగదు. మంచి కచేరీయే."

నలభై రోజులు సాధన చేశారు. నాలుగు లెక్కలు ఆగగలిగారు, తర్వాత ఆరు. ముప్పై ఎనిమిదో రోజున పది దాటాయి. ప్రసూన వేలు తీగను తాకింది. నాలుగు స్వరాలూ వంకరటింకరగా, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కృపాకర్ కళ్లు తుడుచుకున్నాడు.

కచేరీ ఆదివారం మధ్యాహ్నం. సముద్రం ఒడ్డు మందిరం నిండిపోయింది. కృతి సగానికి వచ్చింది. ఇందుశేఖర్ చెయ్యి గాలిలో నిలిచింది. బృందం ఆగింది. ఐదు. ఆరు. సభలో కుర్చీలు కిర్రుమన్నాయి. ఏడు. కృపాకర్ నుదుటి మీంచి చెమట వయొలిన్ మీదికి కారుతోంది, కమాను మాత్రం కదలలేదు. ఎనిమిది. ప్రసూన చూపుడువేలు వణుకుతూ లేచింది.

తొమ్మిదో లెక్కన ఇందుశేఖర్ చెయ్యి కిందికి దిగింది.

ఆయన దించలేదు. అదే దిగింది. ముప్పై ఏళ్లుగా ఆ తాళానికి నడిచే ఊళ్లో ఉన్న చెయ్యి అది. అరవై వాద్యాలు ఒక్కసారి లేచాయి. ఆ హోరులో వీణ ఏమందో సభలో ఎవరికీ వినపడలేదు. అంతా అయ్యాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తెర వెనక ఆయన ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"వచ్చే ఆదివారం మళ్లీ వాయిద్దాం ప్రసూనా. వాళ్లు ఆగగలరు. చూశావుగా."

"చూశానండీ. అందరూ ఆగారు." ఆమె వేళ్లు ఒళ్లో ముడుచుకుంది. "నాకింక ఒద్దు. చెయ్యి పడిపోయాక ఆ నాలుగు స్వరాలూ పోగేసుకోడానికి నాకు రెండేళ్లు పట్టింది."

తర్వాత ఆయన చేతికేసి చూసి అడిగింది. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"మీకు పూస లేదు గదేటండీ?"

ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆమె తొందరపెట్టలేదు. ఆయన ముఖంలోకి చూస్తూ, ఎంతసేపైనా సరే అన్నట్టు అలాగే కూర్చుంది.

గేదెల సింహాచలమ్మ
వయసు డెబ్బై ఒకటి
ఇప్పుడు ఉంటున్నది తగరపువలసలో, మా చెల్లెలి ఇంట్లో