సరి అనని గొంతు

తెల్లవారి ఆరున్నరకి, లోతులు కొలిచే లాంచీ తనంతట తానే రేవుకి కొట్టుకొచ్చింది. ఇంజను ఇంకా ఆడుతూనే ఉంది. కొలత గడ తడి ఆరలేదు. లాంచీ నడిపే సరంగు మాత్రం చుక్కాని మీదకి వాలిపోయి ఉన్నాడు, మెడలో తూటా దిగి. కొలతల పుస్తకంలో ఆ రోజు పేజీ లేదు.

పదింటికి ఏజెంట్ పదిహేడు చీఫ్ ఎదుట నిలబడ్డాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ని తాతగారంటారు. ఆయనకి పెళ్ళే కాలేదన్నది వేరే సంగతి.

"కూర్చో. టైం లేదు, తొందరగా కూర్చో," అన్నారు తాతగారు, గోడ మీది మ్యాపు వైపు తిరుగుతూ. "క్లోరిన్ గ్యాస్ ఓడ ఒకటి దిగువకి వస్తోంది. వెనకనుంచి వరద తోస్తోంది. వెనక్కి తిప్పలేం. లంగరు వేస్తే గొలుసు తెగుతుంది. పదకొండున్నరకి వంతెన దగ్గరకొస్తుంది. వంతెనకి ఓడలు పట్టే కమానులు రెండే, ఎడమా కుడీ. రాత్రి వరదకి వాటిలో ఒకదాని కింద ఇసుక మేట వేసింది. ఏ కమానో ఆ చచ్చిపోయిన సరంగుకి తెలుసు."

"ఓడ మేట ఎక్కితే?"

"అడ్డం తిరిగి స్తంభానికి కొట్టుకుంటుంది. ట్యాంకులు పగుల్తాయి. గాలి ఊరి వైపు వీస్తోంది. ఊరు ఖాళీ చేయించాలంటే పూట పడుతుంది."

"మళ్ళీ కొలిపిద్దాం."

"ఈ వడిలో లాంచీ నిలబడదు. సరంగు చనిపోయే ముందు అంకెలు రేడియోలో కంట్రోల్ రూముకి చెప్పేశాడు. అంటే, మైనాకి."

పదిహేడు తల దించుకున్నాడు. మైనా అన్నది కోడ్ నేమ్. నది మీద ఓడలకి లోతులు చదివి చెప్పే రేడియో ఆపరేటర్ ఆమె. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, గది దాటినా వదలని సెంటు వాసన. ఆ గొంతు వినడానికి ముందు గడ్డం గీసుకుని కూర్చునే సరంగులున్నారు, రేడియోలో మొహం కనబడదని తెలిసీ. రెండేళ్ళుగా ఆమె విదేశీ ముఠాకి పనిచేస్తున్నట్టు నటిస్తూ డిపార్ట్‌మెంట్‌కి పనిచేస్తోంది. లేదా డిపార్ట్‌మెంట్‌కి నటిస్తూ ముఠాకి. ఏది నిజమో తాతగారికి కూడా తెలియదు.

పదిహేడుకి ఆమె వదిన.

"ముఠా నాయకుడు ప్రొఫెసర్, నదుల కన్సల్టెంటు వేషంలో ఇప్పుడు ఆమె పక్కనే ఉన్నాడు," అన్నారు తాతగారు. "మనవాళ్ళు బిల్డింగు చుట్టూ ఉన్నారు. తలుపు బద్దలు కొడితే ముందు ఆమెని కాల్చేస్తాడు. అంకె ఆమెతోనే పోతుంది. ఆమె తనంతట తాను నిజం చెప్పాలి. అందుకే నీకీసారి గుండీ కెమెరా, మత్తు పెన్ను, అవేమీ ఇవ్వను. నీ గొంతు చాలు."

"నా గొంతా?"

"ఫోన్లో మాట్లాడేది నువ్వో మీ అన్నయ్యో మీ అమ్మకే తెలిసేది కాదటగా."

పదిహేడు అన్నయ్య ఈ నది మీద ఓడలు నడిపే పైలట్. ఎనిమిది నెలల కింద ఎరువుల ఓడని మలుపులో ఇసుక మేట ఎక్కించి, ఆరుగురితోపాటు మునిగిపోయాడు. పైలట్ తప్పిదమని విచారణలో తేల్చారు. అప్పట్నుంచీ వదిన ఇంట్లో గట్టిగా నవ్వలేదు. కానీ రోజూ అత్తగారికి తల దువ్వి, మందులిచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని డ్యూటీకి వెళ్ళేది.

"చచ్చిపోయినవాడి గొంతుతో ఆవిణ్ణి భయపెట్టమంటారా?"

"ఊరుంది, నాయనా," అన్నారు తాతగారు, కిటికీలోంచి చూస్తూ.

పది నలభైకి లాంచీ అతన్ని ఓడ పక్కన దింపింది. తెల్లగడ్డం, మాసిన కోటు, చంకలో గొడుగు. గట్టు మీద ముఠా మనుషులెవరైనా చూసినా, రిటైరవబోయే పైలట్ అనుకోవాలి.

"ఏం పెద్దాయనా, కళ్ళు కనబడతాయా?" అన్నాడు కెప్టెన్, నిచ్చెన దగ్గర చెయ్యందిస్తూ.

"నీ బొజ్జ కనబడుతోంది. వంతెన ఇంకా పెద్దది కదా."

కెప్టెన్ నవ్వాడు, కానీ అందించిన చెయ్యి వదల్లేదు. "మా ఓడ తేలాలంటే తొమ్మిదడుగుల నీళ్ళు కావాలి. అంతకి ఒక్క అంగుళం తక్కువైనా..."

"తెలుసు."

వీల్‌హౌస్‌లో రేడియో ముందు పదిహేడు కళ్ళు మూసుకున్నాడు. ఏ పని మొదలుపెట్టినా దేవుడికి దండం పెట్టుకోవడం అతనికి అలవాటు. ఈసారి దండం ప్రశ్నగా మారింది. 'స్వామీ, ఒకరి గొంతు ఇంకొకరికి ఎందుకిచ్చావు? దీనికోసమేనా?' నది మాత్రం ఓడని తోసుకుంటూ పోతోంది.

నది మీద ఒక పద్ధతుంది. కంట్రోల్ లోతు చదువుతుంది. పైలట్ అదే తిరిగి చెప్తాడు. కంట్రోల్ "సరి" అంటుంది. ఆ ఒక్క మాట వినబడేదాకా ఏ పైలటూ చుక్కాని తిప్పడు.

"కంట్రోల్, వంతెన లోతు చెప్పండి," అన్నాడు పదిహేడు. గొంతు మార్చలేదు. మార్చాల్సిన అవసరం లేదు. తరవాత కోడ్ ప్రశ్న వేశాడు. "అద్దం మీద ఆవిరి పట్టిందా?"

తుడిచేశానని ఆమె అంటే, మనమనిషే.

రేడియోలో గరగర. ఆమె ఊపిరి ఒక్కసారి ఆగినట్టు వినబడింది. కోడ్‌కి జవాబు లేదు.

"ఎడమ కమాను. పదమూడడుగులు," అంది, రాసినది చదివినట్టు.

"ఎడమ కమాను. పదమూడడుగులు," అన్నాడతను.

"సరి" రాలేదు.

ఎదురుగా పాత పంపుహౌసు కనిపిస్తోంది. అది దాటేలోపు ఎటో ఒకవైపు తిప్పాలి. కెప్టెన్ చేతులు చొక్కాకి తుడుచుకుని చుక్కాని చక్రం పట్టుకున్నాడు. "సరి అందా?"

"అనలేదు."

రేడియోలో ఎవరో విదేశీ యాసతో "ఓడ వస్తోంది, బాల్కనీలోంచి చూస్తా" అనడం, చెప్పుల చప్పుడు వినబడ్డాయి. వెంటనే గొళ్ళెం పడిన చప్పుడు. ఆ వెనకే బాల్కనీ వైపునుంచి అద్దాల తలుపు మీద పిడికిలి దెబ్బలు.

"ఏమండీ," అంది ఆమె.

అన్నయ్యని పిలిచే పిలుపది.

"ఆ రోజు మీ డ్యూటీ కాదు కదండీ. ఎవరికోసం మార్చుకున్నారు? నాకు ఒక్క మాట చెప్పకూడదా? ఖాళీ బార్జ్ వస్తుంది, బురదలో దిగబడుతుంది, అంతేనని డిపార్ట్‌మెంట్‌లో అన్నారు. ముఠా నన్ను నమ్మాలంటే తప్పు అంకె చదవమన్నారు. తాతగారే చదవమన్నారు. మీరు తిరిగి చెప్పారు. ఓడ హోరులో మీ గొంతు పోల్చుకోలేకపోయాను. సరి అన్నాను. నా నోటితో నేనే అన్నానండీ."

ఎనిమిది నెలలుగా అన్నయ్యని లోలోపల తిట్టుకున్నవన్నీ ఇప్పుడు పదిహేడుకి గుర్తొచ్చాయి. ఒక్క ముక్క అన్నయ్యలా మాట్లాడితే ఆమె ఏదైనా చెప్పేస్తుంది. తాతగారు పంపింది అందుకే. కానీ అతనికి చేతకాలేదు.

"వదినా, నేను. అన్నయ్య కాదు."

"తెలుసు చిన్నా," అంది ఆమె. ఏడుస్తూ నవ్వుతోంది. "తెలుసులే. ఒక్క నిమిషం అలా విందామనిపించింది. సరే విను. ఎడమ వైపు ఆరడుగులే ఉంది. కుడి కమాను. పద్నాలుగడుగులు. తిప్పెయ్యి. అత్తయ్య మందులు..."

అద్దం పగిలింది. తూటా మోగింది.

"కుడి కమాను. పద్నాలుగడుగులు," అన్నాడు పదిహేడు.

గరగర.

"వదినా, కుడి కమాను. పద్నాలుగడుగులు."

ఏమీ లేదు.

పంపుహౌసు పక్కకొచ్చేసింది. "సరి అనలేదు కదయ్యా!" అని అరిచాడు కెప్టెన్. "ఇందాక ఎడమ అంది, ఇప్పుడు కుడి అంటోంది, ఎలా నమ్మడం?"

"మా వదిన. కుడికి తిప్పు!"

కెప్టెన్ తిప్పలేదు. పదిహేడు అతన్ని భుజంతో నెట్టి, చక్రాన్ని పూర్తిగా కుడికి తిప్పాడు. ఓడ మూలిగింది. ముందు భాగం అంగుళం అంగుళంగా జరిగింది. రాతి స్తంభం పక్కకి చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వచ్చింది. పక్కన కట్టిన టైర్లు రాసుకుని పొగలు కక్కాయి. అడుగున ఏదో గీసుకుంటుందని అందరూ ఊపిరి బిగబట్టారు. ఏమీ గీసుకోలేదు. కమాను నీడ ఓడ మీదుగా వెళ్ళిపోయింది, ఎండ పడింది.

కెప్టెన్ నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. పదిహేడు గడ్డం ఊడదీసి నదిలో పారేశాడు.

ప్రొఫెసర్ బాల్కనీ మెట్ల మీద దొరికాడు. వదిన మైకు పక్కనే పడి ఉంది. నల్లకళ్ళద్దాలు బల్ల మీద మడిచి పెట్టి ఉన్నాయి. ఆమె కళ్ళు ఎంత పెద్దవో పదిహేడు మర్చిపోయాడు. వంగి వాటిని మూశాడు.

తాతగారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"ఆ అంకె చదవమన్నది మీరేనా?"

"ఖాళీ బార్జ్ అనే నాకూ చెప్పారు."

"విచారణ రిపోర్టులో అన్నయ్య పేరు..."

"అది మారిస్తే ఈవిడ పేరు రాయాలి. ఈవిడ పేరు రాయాలంటే డిపార్ట్‌మెంట్ ఉందని రాయాలి." ఆయన గుమ్మం దాటి లోపలికి రాలేదు. "నీకు మెడల్ వస్తుంది. ఎవరికీ చూపించకూడదు."

"మీరే పెట్టుకోండి," అన్నాడు పదిహేడు. ఆయన్ని తాతగారూ అని పిలవబుద్ధి కాలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అమ్మ వరండాలో దువ్వెన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొడుకు మోటారు కంపెనీలో గుమాస్తా అని ఆమె నమ్మకం.

"ఇంత పెందరాళే వచ్చావేంరా? మీ వదిన ఫోన్ తియ్యట్లేదు. పొద్దుట మందులు పెట్టి వెళ్ళింది కానీ ఏది ముందో, ఏది తరవాతో చెప్పలేదు. ఎక్కడుందిరా?"

పదిహేడు మెట్టు మీద కూర్చున్నాడు. చెప్పులు విప్పాడు. మళ్ళీ తొడుక్కున్నాడు. మళ్ళీ విప్పాడు. మూడు భాషల్లో, ఇరవై వేషాల్లో అబద్ధాలాడి పదిహేనేళ్ళుగా జీతం తీసుకుంటున్న మనిషికి, ఆ సాయంత్రం ఒక్క అబద్ధం కూడా తోచలేదు.