ఓబులేసు తాత వదలని చక్రం

కోట ఊరి నుంచి సముద్రానికి పోయే రోడ్డులో, రొయ్యల గుంటలు మొదలయ్యే కాడ ఒక పాత ఉప్పు గోడౌను ఉండాది. ఉండేది అనాలి... ఇప్పుడు లేదు. పొద్దుగూకితే ఆ గోడౌను ముందర ఎవురూ బండి ఆపేవాళ్లు కాదు. చైను ఊడినా సరే, పెట్రోలు అయిపోయినా సరే, నెట్టుకుంటా పోవాల్సిందే గానీ ఆగేది లేదు.

ఎందుకంటే అక్కడ ఓబులేసు తాత ఉండాడు.

ఉండాడంటే... చచ్చిపోయి ఇరవై ఏళ్లయింది. అయినా ఉండాడు.

మిలిటరీలో జీపు తోలిన మనిషి. అక్కణ్ణుంచి వచ్చినాక గోడౌనుకి కాపలా ఉన్నాడు. అందులోనే ఒక పాత మిలిటరీ జీపు పడుండేది. ఎవురో వేలంలో కొని, ఏళ్ల తరబడి వడ్ల మూటలు తోలి, ఇంక కదలనని మొండికేస్తే అక్కడ పడేసి పోయినారు. తాతకి మంచం ఉన్నా దాని మీద పండుకునేవాడు కాదంట. జీపు సీట్లో కూర్చోని, స్టీరింగు మీద చేతులు పెట్టుకోని నిద్రపోయేవాడంట. ఒకనాడు తెల్లారి పోయి చూస్తే... లేవలేదు.

అప్పట్నుంచి మొదలు. నడిరాత్రి గేరు మార్చిన చప్పుడు... ఎవురో దగ్గినట్టు... రొయ్యల షెడ్డులో పని చేసి ఆటోలో ఇంటికొచ్చే మస్తానమ్మకైతే "ఎక్కు... ఎక్కు..." అని పిలుపే వినపడిందంట. ఆటో ఎక్కి కూర్చున్న మనిషిని మళ్లీ ఎక్కమనడం ఏందో ఆ తాతకే తెలియాల.

అట్లాంటి జీపుని బుద్ధున్నవాడెవుడన్నా కొంటాడా?

మా ఆయన కొన్నాడు.

పేరు హరినాథ్. ఆరెకరాల మాగాణి ఉండాది, దాని పని అది చేసుకుంటా పోతుంది, ఈయన పని ఈయన చేసుకుంటా పోతాడు. మా బిందు ఒకటో తరగతిలో చేరిన ఏడు జీపు మీద చెయ్యేసినాడు. ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి. తొమ్మిదేళ్లు! పొలం కాడి నుంచి రావడం, రెండు ముద్దలు తినడం, గోడౌనుకి పరిగెత్తడం. ఇంట్లో కొళాయి కారతా ఉంటే దాని కింద బకెట్టు పెట్టి, జీపు రేడియేటర్లో చుక్క కారకుండా నెల రోజులు అతుకులేసిన మహానుభావుడు. రేకు రేకు విప్పి తుప్పు గీకినాడు. మద్రాసు పోయి పాత ఇనుప కొట్లల్లో వారం రోజులు తిరిగి ఒక లైటు పట్టుకొచ్చినాడు. నాకు చీర తెస్తావా అంటే మాత్రం ఊరి పేరే మర్చిపోయినాడు.

ఆయనకి తోడు షాహుల్. కోటలో షెడ్డు పెట్టుకోని రొయ్యల గుంటల మోటార్లు బాగుచేస్తాడు. మంచోడే. కాకపోతే ఒకటే షరతు. "పగలు ఎంతసేపైనా ఉంటా అన్నా... దీపాలు పెట్టే వేళైతే మాత్రం నేను ఇంట్లో ఉండాల."

ఇట్లా ఉండగా గోడౌను స్థలం అమ్ముడుపోయింది. కొన్నాయన మంచిగానే చెప్పినాడు. "రెండు వారాలు పోయినాక సోమవారం పొద్దున తొమ్మిదికి పొక్లెయిన్ వస్తుంది. అంతలోపల మీ జీపు తీసేసుకోండి. లేకపోతే రేకులతో పాటు పాత ఇనుము లారీలో ఎక్కించేస్తా."

పదిహేను రోజులు టైము. మా ఆయన మొహంలో నెత్తురు లేదు. తాడు కట్టి లాగుదామంటే, నాలుగు టైర్లూ కుళ్లిపోయి చక్రాలు నేలలో దిగబడి ఉండాయి. లాగితే తొమ్మిదేళ్లు అతికించిందంతా ఊడి చేతికొస్తుంది. ఒకటే దారి — పాత చక్రాలు విప్పి కొత్త టైర్లు ఎక్కించాల.

కుడి వైపు రెండూ ఒక్క పూటలో వచ్చేసినాయి.

ఎడమ వైపుకొచ్చినారు... నట్టు కదల్లేదు.

కిరసనాయిలు పోసినారు. సుత్తితో కొట్టినారు. పానాకి బారెడు పైపు తగిలించి నలుగురు మొగోళ్లు దాని మీద నిలబడినారు. పైపు వంగింది గానీ నట్టు వెంట్రుకవాసి కూడా జరగలే. మర్నాడు, ఆ మర్నాడు... అంతే. కుడి చక్రాలకీ ఎడమ చక్రాలకీ ఒకటే తుప్పు, ఒకటే ఉప్పుగాలి. అవి ఎందుకొచ్చినాయి? ఇవి ఎందుకు రావు?

ఊరంతా ఒకటే మాట — తాత పట్టుకోనుండాడు.

ఇంకేముంది. మా వాళ్లు నిమ్మకాయలు కట్టినారు, షాహుల్ వాళ్ల అమ్మ దర్గాకి పోయి తాయెత్తు తెచ్చింది. ఫోన్లో చూసుంటే తెలిసేది గదా అంటారు మీరు. దెయ్యం పట్టుకుందని తీర్మానం చేసుకున్నాక ఫోను ఎవురికి గుర్తొస్తుంది?

ఆదివారం వచ్చేసింది. పొద్దుగూకింది. షాహుల్ తాయెత్తు మా ఆయన చేతికి కట్టి, "అన్నా, నా వల్ల కాదు, ఏమీ అనుకోవద్దు" అని కళ్లనీళ్లు పెట్టుకోని పోయినాడు. మా ఆయన బూట్లేసుకోని, పానా, పైపు, టార్చి తీసుకోని... ఒక్కడే పోయినాడు.

ఇక్కణ్ణుంచి ఆయన చెప్పిందే చెప్తా. తెల్లారినాక ఊళ్లో అందరికీ చెప్పినాడు, ప్రతిసారీ ఒకే రకంగా చెప్పినాడు.

ఆ రాత్రి కరెంటు లేదు. దూరంగా రొయ్యల గుంటల కాడ జనరేటర్లు డుగడుగమంటా ఉండాయి. టార్చిని జీపు రేకు మీద పెట్టి, పానా తగిలించి, పైపు పట్టుకోని లాగినాడు.

రాలేదు.

పది అయింది. పదకొండు అయింది. అరచేతులు బొబ్బలెక్కినాయి. ఇంకోసారి... ఇంకొక్కసారి...

అప్పుడు — వెనకమాల ఎవురో దగ్గినారు.

ఆగిపోయినాడు. గాలేమో అనుకున్నాడు. గాలి దగ్గుతుందా?

"అటు... కాదు."

గుసగుస. మొగగొంతో ఆడగొంతో తెలియలేదంట. మెల్లగా తల తిప్పినాడు. పక్క తలుపు ఓరగా తెరిచుండాది. ఆ సందులో... తెల్లగా... ఏదో నిలబడుండాది.

ఒంట్లో వెంట్రుకలన్నీ లేచి నిలబడినాయి. దేవుళ్లలో ఒక్కరి పేరూ నోటికి రాలేదంట. తాయెత్తు మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

"కుడికి... తిప్పు."

"కుడికి తిప్పితే బిగుసుకుంటుంది గదా తాతా?" అన్నాడంట ఈయన. చూడండి ఆ మనిషిని... ఎదురుగా దెయ్యం నిలబడుంటే దానితో వాదన!

తర్వాత పళ్లు కొరికినట్టు ఒక మాట —

"తిప్పి... చావు."

తిప్పినాడు.

కిర్ర్ర్... మనింది. పదిహేను రోజులు నలుగురు మొగోళ్ల బరువుకి లొంగని నట్టు, సీసా మూత మాదిరి తిరిగి వచ్చేసింది. ఒకటి... రెండు... పదికి పది నట్లూ!

వెనక్కి తిరిగి చూస్తే — తలుపు సందులో ఎవురూ లేరు.

తెల్లవారి ఏడింటికంతా కొత్త టైర్ల మీద జీపు రోడ్డెక్కింది. ఊరు ఊరంతా నెట్టినారు. షాహుల్ షెడ్డుకి చేర్చినాకనే పొక్లెయిన్ వచ్చింది. ఓబులేసు తాత పేరు చెప్పి గోడౌను ముందర టెంకాయ కొట్టినారు, షాహుల్ అందరికీ చక్కెర పంచినాడు. ఎంత మంచి జీవుడో తాత, చచ్చి కూడా జీపుని కాపాడుకున్నాడు అని మస్తానమ్మ ముక్కు చీదింది.

ఇదీ మా ఆయన చెప్పిన కథ.

ఇప్పుడు నేను ఒక మాట చెప్తా, మీలోనే ఉంచుకోండి.

ఆ తాతని నేనే.

మా నాయన చెంచయ్యది కావలిలో సైకిలు షాపు. నేను పెళ్లయి వచ్చేదాకా పంచర్లేసినా, చైన్లు బిగించినా. సైకిలుకి ఎడమ పెడలు ఉల్టా మర మీద ఉంటుంది. కుడి పెడలు విప్పినట్టు విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది. ఆ సంగతి నాకు ఏడేళ్లప్పుడే తెలుసు. ఎడమ చక్రం రాలేదనగానే అనుమానమొచ్చి చెప్పినా గూడా. "ఏమయ్యా, ఉల్టా మరేమో చూడండి" అని. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోని నవ్వినారు. "ఇది సైకిలు కాదులే వదినా, మిలిటరీ జీపు" అన్నాడు షాహుల్. నాకు ఒళ్లు మండింది. పోండి, మీ చావు మీరు చావండి, ఇంక నోరు తెరిస్తే ఒట్టు అనుకున్నా.

కానీ ఆదివారం రాత్రి పదైంది, పదకొండైంది. మనిషి రాలేదు. ఫోను ఇంట్లోనే పెట్టి పోయినాడు. నాకు నిద్ర ఎట్లా పడుతుంది? దోమలని తెల్ల దుప్పటి కప్పుకోని, ఆ చీకట్లో ఒక్కదాన్నే పోయినా. భయమా? అబ్బో... గుండె చేతిలో పట్టుకోని పోయినా! ఓబులేసు తాతా, నీ జోలికి రాలేదయ్యా, మా ఆయన కోసం వచ్చినా అని దారి పొడుగునా చెప్పుకుంటానే పోయినా.

తలుపు సందులోంచి చూస్తే... ఆయన లాగడంలేదు. చక్రానికి తల ఆనించుకోని ఏడుస్తా ఉండాడు. చప్పుడు లేకుండా, భుజాలు అదురుతా ఉండాయి. ఊళ్లో చెప్పిన కథలో ఈ ముక్క ఉండదు లెండి.

పదహారేళ్ల కాపురంలో ఆయన ఏడ్చేది నేను ఎప్పుడూ చూళ్లేదు. లోపలికి పోదామా అంటే, పెళ్లాం చూసిందని తలెత్తుకోలేడు. పోకపోతే తొమ్మిదేళ్లు పాత ఇనుములో పోతాయి. ఉప్పు ధూళికి దగ్గొచ్చింది. ఆయన ఉలిక్కిపడి, గబగబా కళ్లు తుడుచుకోని పైపు అందుకున్నాడు. లాగేది మళ్లీ అటే! ఇంక ఆగలేకపోయినా.

జీపు ఎడమ చక్రాలకీ ఉల్టా మరే అని తేలి, నట్లు వస్తా ఉండాయని చూసుకోని, ఆయనకంటే ముందు ఇల్లు చేరి ముసుగుతన్నినా.

సోమవారం రాత్రి అన్నాలకి కూర్చున్నాం. ఊరంతా చెప్పి చెప్పి ఆయన గొంతు కూడా బొంగురుపోయుండాది. నేను ఏమీ తెలియనట్టు అడిగినా.

"ఏమయ్యా, తాత మొహం చూసినావా?"

"మొహం కనపళ్లేదు" అన్నాడు, పప్పు కలుపుకుంటా. "కాళ్లు చూసినా."

"కాళ్లా?"

"దెయ్యాలకి కాళ్లు వెనక్కి తిరిగుంటాయంటారు గదా. ఆ తలుపుకి కింద పలక లేదు. టార్చి కొంచెం వంచి చూసినా."

నేను ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నా.

"ముందుకే ఉండాయి. నా రబ్బరు చెప్పులేసుకోనుండాయి."

ముద్ద గొంతుకి అడ్డం పడింది. ఆయన మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపినాడు.

"మరి ఊరంతా తాత, తాత అని ఎందుకు చెప్పినావు?" అన్నా, దగ్గు ఆగినాక.

"నువ్వు దాక్కోని చెప్పినావు గదా. దాచాలనుకున్నావేమోనని నేనూ దాచినా." కాసేపు తల వంచుకోని తిన్నాడు. "ఆ రోజు నవ్వకుండా ఉండాల్సింది కామాక్షీ."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. పప్పు కారమైందని మజ్జిగ పోసుకున్నా.

చెయ్యి కడుక్కోని లేస్తా, గడప కాడ ఆగినాడు.

"ఇంజను ఇంకా అందుకోలే. రేపు షాహుల్ షెడ్డులో కార్బొరేటర్ విప్పతా ఉండాం..." అని గోడ వైపు చూస్తా అన్నాడు. "ఈసారి తాతని పగలే రమ్మను."

పోయినా. చెప్పులు మాత్రం నావే వేసుకోని పోయినా.