తొమ్మిదో పాట మధ్యలో

"సాయంత్రం వెంకటనారాయణ హఫీజ్‌పేట్ స్టేషన్‌లో దిగుతాడండి. ప్రాణాలతో మన జీపెక్కాడా, రాడార్ సాఫ్ట్‌వేర్ దొంగిలిస్తున్న విదేశీ ముఠా మొత్తం దొరికినట్టే. ఎక్కలేదో..." చీఫ్ సీతారామయ్య అక్కడ ఆగిపోయాడు.

ఏజెంట్ శివశంకర్ తలూపాడు. వెంకటనారాయణ ముఠాలోనే ఉంటూ రహస్యంగా సమాచారం పంపుతున్నవాడు. తన వాంగ్మూలాన్నీ, దిగబోయే స్టేషన్ పేరునూ ఒక సినిమా పాటల సీడీలో తొమ్మిదో ట్రాక్‌గా దాచి పంపాడు. దాన్ని విన్నది చీఫ్, శివశంకర్ ఇద్దరే.

సీడీని ఢిల్లీ చేర్చే పని తోటి ఏజెంట్ రసజ్ఞది. నిన్న శివశంకరే దాన్ని కొత్త పోర్టబుల్ ప్లేయర్‌లో పెట్టి ఆమె చేతికిచ్చి, వినొద్దన్నాడు. "నాకెందుకు శివా" అని నవ్విందామె. మూడేళ్లుగా కలిసి పనిచేస్తున్నారు. ఈ మిషన్ ముగిస్తే పెళ్ళి మాటెత్తాలని అతని ఆలోచన.

రైలుకి ఇంకా అరగంట ఉందనగా, ఏసీ మెకానిక్ యూనిఫాంలో, ఆ రాడార్ సాఫ్ట్‌వేర్ తయారయ్యే మాదాపూర్ సైబర్ టవర్స్ క్యాంటీన్‌కి వెళ్ళాడు. హెచ్‌ఆర్ ఆఫీసర్ వేషంలో, ఖరీదైన చీరలో, రసజ్ఞ మెరిసిపోతోంది.

"ఎయిర్‌పోర్టుకి వెళ్ళేలోపు ఒక్క పాట విందాం," అంటూ ఇయర్‌ఫోన్ ఒకటి ఆమెకిచ్చి, రెండోది తను పెట్టుకుని ప్లే నొక్కాడు.

మొదటి పాట రాలేదు. వెంకటనారాయణ గొంతు వినబడింది, అదీ వాక్యం మధ్యలోంచి.

శివశంకర్ టక్కున స్టాప్ నొక్కాడు. ఆ ప్లేయర్‌కి రెజ్యూమ్ ఉంది. కొత్తగా డిస్క్ పెడితే మొదటి పాటతో మొదలవుతుంది. ఎవరైనా విని మధ్యలో ఆపితే, మళ్ళీ అక్కడినుంచే అందుకుంటుంది. రసజ్ఞ స్టేషన్ పేరు దాకా వింది, కావలసింది దొరకగానే ఆపేసింది.

"ఏమైంది?" అందామె.

"బ్యాటరీ డౌన్."

ఆమెను పట్టుకుని లాభం లేదు. హంతకుడు ఈపాటికే స్టేషన్‌లో ఉంటాడు, వాడి ముఖం ఎవరికీ తెలియదు. శివశంకర్ ఆమె ఎదుటే సెల్ తీసి చీఫ్‌కి కలిపాడు.

"సార్, పెళ్ళివారు హఫీజ్‌పేట్‌లో దిగడం లేదు. కారులో మదీనాగూడ షాపింగ్ కాంప్లెక్స్‌కే వస్తున్నారు."

ప్లాన్ మారలేదని చీఫ్‌కి తెలుసు; ఈ మాట పక్కనున్నవాళ్ళ చెవిన వేయడానికేనని అర్థమైంది.

"అలాగేనండి. పందిరి అక్కడే వేయిస్తాను."

రసజ్ఞ లేచి సెల్ తీసుకుని లిఫ్ట్ వైపు నడిచింది. శివశంకర్ బయటికొచ్చి ఆటో ఎక్కాడు.

"జర తొందరగా పోనియ్ అన్నా, హఫీజ్‌పేట్."

"ఫికర్ చెయ్యకు సారు. రైలు వచ్చేలోపట దింపుత," అన్నాడు డ్రైవర్ చంద్రయ్య.

దింపాడు కూడా. ప్లాట్‌ఫాం మీద జనం పలచగా ఉన్నారు. ఎవడు వాడు? రైలు కూత వినబడింది. ఎవరి ఫోనూ మోగకపోతే వెంకటనారాయణ చచ్చినట్టే. అది తెలిసి కూడా, మోగకూడదనే ఒక మూల కోరుకున్నాడు శివశంకర్. ఆమె ఫోన్ చేయకపోతే బాగుండు, తను పొరబడితే బాగుండు అనుకున్నాడు. సిగ్గేసింది.

ఇంజన్ ప్లాట్‌ఫాం అందుకుంది. సంచిలో చెయ్యి పెట్టుకుని బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దమనిషి దగ్గర సెల్ మోగింది.

"ఏంది? మదీనాగూడనా? ఇగ పోతున్న."

వాడు ఆదరాబాదరాగా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. వాడి వెనకే ఆగిన బోగీలోంచి వెంకటనారాయణ దిగాడు. శివశంకర్ అతని భుజం పట్టుకున్నాడు. జీపు ఎక్కేదాకా వదలలేదు.

మదీనాగూడలో హంతకుడు, వాడి మనుషులు దొరికిపోయారు. రసజ్ఞను సైబర్ టవర్స్ గేటు దగ్గర పట్టుకున్నారు. శివశంకర్ వచ్చేసరికి జీపులో చీఫ్ పక్కన కూర్చుని ఉంది.

"ఎప్పటినుంచి నా మీద అనుమానం, శివా?"

"అనుమానమే లేదు. నీతో కలిసి ఒక పాట వినాలనిపించింది, అంతే."

రసజ్ఞ తల దించుకుంది. సీతారామయ్య గొంతు సవరించుకున్నాడు.

"రిపోర్టులో మాత్రం టెక్నికల్ చెకింగ్ అని రాయండి, శివశంకర్ గారూ."