బేరన్ గారి గంగాళం

"ఏవండీ, ఆ రాయికి గడ్డం గీస్తున్నారా?"

వెండెల్ చేతిలోని షేవింగ్ క్రీమ్ డబ్బా బుస్సుమని ఆగిపోయింది. రెండు వందల ఏళ్ళ సమాధి రాయి తెల్లటి నురగ పూసుకుని, మంగలి ముందు కూర్చున్న ముసలాయనలా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే చర్చి గేటు దగ్గర ఒకమ్మాయి. చంకలో పొడవాటి అద్దం, కళ్ళలో నిప్పులు.

"అక్షరాలు కనబడ్డం లేదండీ. నురగ పూసి తుడిస్తే గుంటల్లో మిగిలి తెల్లగా కనిపిస్తాయని ఇంటర్నెట్‌లో చూశాను."

"బానే చూశారు! అందులో ఉండే ఆసిడ్ రాయిని తినేస్తుంది. మీ ముత్తాత బతికుండగా కూడా ఆయన్నెవరూ ఇంత కష్టపెట్టి ఉండరు. నిలబడి చూస్తారేం? నీళ్ళు తెండి!"

వెండెల్ ఆరడుగుల మనిషి. ఊళ్ళో మాంసం కొట్టు నడుపుతాడు. సగం పందిని ఒంటిచేత్తో ఎత్తి కొక్కేనికి తగిలిస్తాడు. అలాంటివాడు బకెట్ పట్టుకుని పంపు దగ్గరికి అయిదుసార్లు పరిగెత్తాడు. రాయి మూడో బకెట్‌కే శుభ్రపడింది. మిగతా రెండూ ఎందుకు తెచ్చాడో అతనికే తెలియదు.

"ఇప్పుడీ అద్దం పట్టుకుని అటు నిలబడండి. ఎండని రాయి మీదికి పక్కవాటంగా కొట్టండి. ఇంకొంచెం కిందికి... నా మొహం మీదికి కాదు!"

"పొరపాటున పడిందండీ."

"మూడుసార్లా?"

వాలుగా పడిన వెలుగులో అక్షరాలు ఒక్కొక్కటే నిద్ర లేచాయి. యోహాన్ మెల్కియోర్ సీగెన్‌ఫూస్. మరణం 1801.

"సీగెన్‌ఫూసా? అంటే మేకకాలు!" ఆ అమ్మాయి పక్క సమాధిని పట్టుకుని నవ్వింది.

"మేకకాలే. కానీ ఆయన బేరన్ గారి అబ్బాయండీ, జమీందారీ బిడ్డ," అన్నాడు వెండెల్ చెవులు ఎర్రబడుతుండగా. ఆ చెవులు కూడా మామూలు చెవులు కావు, చేటలు.

ఆమె పేరు కొరీన్ కిస్ట్లర్. జిల్లా కేంద్రంలో పాత కాగితాల లైబ్రరీలో పని. సెలవు రోజుల్లో ఇలా పాత రాళ్ళకి కాపలా.

వెండెల్ తన గోడు చెప్పుకున్నాడు. అక్టోబర్ రెండో ఆదివారం సీగెన్‌ఫూస్‌లంతా కలుస్తారు. రెండు వందల మంది. మధ్యలో పొయ్యి, పొయ్యి మీద మెల్కియోర్ నాటి రాగి గంగాళం, అందులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆపిల్ లేహ్యం. జర్మనీలో కోట, కోటలో బేరన్, ప్రేమ విషయంలో కొడుకుతో గొడవ, కొడుకు ఆ గంగాళం ఒక్కటే చంకన పెట్టుకుని 1738లో ఓడెక్కి ఈ దేశం రావడం... ఇదంతా ఎల్వీనా నానమ్మ ఏటా చెప్పే కథ. ఈ ఏడు ఆవిడకి ఎనభై ఆరు నిండాయి. "ఒరేయ్ వెండెల్, ఈసారి కాగితాల సాక్ష్యంతో నువ్వు చదువు" అని పురమాయించింది. చొక్కాల మీద బేరన్ కిరీటం అప్పటికే అచ్చు వేయించేసింది.

"సోమవారం లైబ్రరీకి రండి," అంది కొరీన్. "గడ్డం క్రీము ఇంట్లో పెట్టి రండి."

సోమవారం వెళ్ళాడు. మంగళవారం కూడా వెళ్ళాడు. బుధవారం కొట్టుకి తాళం వేసి మరీ వెళ్ళాడు. పాత జర్మన్ రాత కోడి గెలికినట్టుంటే ఆమె వేలు పెట్టి చదివించేది. అతను అక్షరం వదిలేసి వేలు చూసేవాడు.

"మూడో లైన్‌లో ఏముంది?"

"మచ్చ."

"అది నా వేలి మీద మచ్చ, వెండెల్ గారూ. కాగితం చూడండి."

రెండో వారానికి 'గారు' ఎగిరిపోయింది, 'నువ్వు' వచ్చి కూర్చుంది. బయట వాన పడుతుంటే వెండెల్ ధైర్యం కూడగట్టుకున్నాడు. లేహ్యం కలిపే తెడ్డు పది అడుగులుంటుంది. దాన్ని ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ కలిసి పట్టుకోవాలి. తెడ్డు గంగాళం గోడకి తగిలితే అమ్మాయి అబ్బాయికి ఒక ముద్దు బాకీ. ఇది తాతల నాటి ఆచారం. అందుకే సీగెన్‌ఫూస్ కుర్రాళ్ళకి ఏటా ఆ ఒక్కరోజు చేతులు వణుకుతాయి.

"ఆదివారం తెడ్డు నాతో పడతావా?"

"నీ చెయ్యి ఎంత నిలకడో అద్దం పట్టినప్పుడే చూశాగా," అంది కొరీన్. కానీ రానని అనలేదు.

మర్నాడే ఆ ప్రకటన దొరికింది. 1742 నాటి పత్రికలో. కొరీన్ నవ్వు బిగబట్టి పైకి చదివింది.

"కాస్పర్ కిస్ట్లర్ అను నా వద్ద ఏడేండ్లు చాకిరీకి కుదిరి, నాలుగో ఏట పారిపోయినవాడు మెల్కియోర్ సీగెన్‌ఫూస్. వయసు ఇరవై నాలుగు. చెవులు పెద్దవి. అడిగినా అడగకున్నా మాట్లాడును. తాను బేరన్ కొడుకునని చెప్పుకొనును, నమ్మవద్దు. పోతూ పోతూ నా రాగి గంగాళమును, వంటమనిషి అన్నా బార్బరాను తీసుకుపోయినాడు. గంగాళము అడుగున బాతు పాదము వంటి అతుకు కలదు. పట్టి తెచ్చినవారికి తగిన బహుమానము."

వెండెల్ బొటనవేలు దానంతటదే బల్ల మీద కదిలింది. ఏటా వెనిగరూ ఉప్పూ వేసి ఆ గంగాళం తోమేది అతనే. బాతుపాదం మూడు వేళ్ళూ ఆ బొటనవేలికి కంఠతా వచ్చు.

"అన్నా బార్బరా మా ముత్తవ్వ," అన్నాడు నీరసంగా.

"కాస్పర్ మా ముత్తాత. అయ్యబాబోయ్, మీ బేరన్ మా గంగాళం కొట్టేశాడు!"

"కొరీన్, ఈ కాగితం లోపల పెట్టెయ్. నానమ్మ తట్టుకోలేదు."

ఆమె నవ్వు ఆగిపోయింది. "పెట్టేస్తా. నేనెవరికీ చూపించను. కానీ నువ్వు ఆదివారం బేరన్ కథ చదివితే మాత్రం తెడ్డుకి వేరే అమ్మాయిని వెతుక్కో. ముసలావిడకి భయపడి రెండు వందల మందికి అబద్ధం చదివేవాడు, రేపు నాకు భయపడి నాకెన్ని చెబుతాడో!"

ఆదివారం వచ్చింది. ఆపిల్ రసం కుతకుతలాడుతోంది. రెండు వందల కిరీటాలు పొట్టల మీద మెరుస్తున్నాయి. వెండెల్ జేబుల్లో రెండు కాగితాలు, ఒకదాంట్లో బేరన్ కథ, రెండోదాంట్లో ప్రకటన నకలు. గేటు వైపు చూశాడు. కొరీన్ లేదు. నానమ్మ వైపు చూశాడు. ఆవిడ కుర్చీలో మహారాణిలా కూర్చుని కళ్ళు మూసుకుంది, కథ వినడానికి.

ఎడమ జేబులో చెయ్యి పెట్టాడు. బేరన్ తగిలాడు. చెయ్యి తీసేసి కుడి జేబులో పెట్టాడు.

ప్రకటన చివరిదాకా ఒక్క గుక్కలో చదివేశాడు.

"సిగ్గులేదట్రా!" హార్లన్ బాబాయి లేచాడు. "మా ఇంటి పెద్దని దొంగ అంటావా?"

"కూర్చోరా హార్లన్," నానమ్మ కళ్ళు తెరిచింది. "నీ చెవులు చూసుకుని మాట్లాడు. పత్రికలో వేసినవి అవే." తర్వాత మనవడి వైపు తిరిగింది. "మీ తాత కూడా పెళ్ళికి ముందు వంద ఎకరాలుందన్నాడు. వచ్చి చూస్తే కోళ్ళ గూడు. ఈ ఇంటి మగాళ్ళకి పెళ్ళాం కావాల్సి వస్తే కోటలు లేస్తాయి. ఇంతమందిలో నువ్వొక్కడివే రా, అబద్ధం చెప్పలేక చెమటలు కార్చింది. ఎవరామె?"

"ఎవరు నానమ్మా?"

"నాకు తెలీదా? మూడు వారాల్నుంచి నువ్వు కోసే సాసేజ్ ముక్కలు వంకర టింకరగా వస్తున్నాయి."

"నేనేనండీ." ఆపిల్ బుట్టల వెనక నుంచి కొరీన్ లేచింది. జుట్టులో ఆపిల్ ఆకు. "కొరీన్ కిస్ట్లర్. ఆ గంగాళం మాదండీ."

రెండు వందల మంది ఒక్కసారిగా గంగాళం చుట్టూ దడి కట్టారు. నానమ్మ మాత్రం ఆ పిల్లని పైనుంచి కింది దాకా తీరిగ్గా చూసింది.

"తీసుకుపో. కానీ తోమడం నీవల్ల కాదు. తోమేవాణ్ణి కూడా తీసుకుపో. లేహ్యం మాత్రం ఏటా ఇక్కడే వండాలి, ముందే చెబుతున్నా."

వెండెల్ తెడ్డు ఒక చివర అందించాడు. కొరీన్ పక్కన నిలబడి పట్టుకుంది. అతను ఊపిరి బిగబట్టి, తెడ్డు గోడకి జానెడు దూరంలో ఉండేలా, గుడ్డు మోస్తున్నంత భద్రంగా తిప్పసాగాడు. ఇంత నిలకడైన చెయ్యి ఆ వంశంలో ఎప్పుడూ ఎవరూ చూడలేదు.

ఠంగ్!

అందరూ తిరిగి చూశారు.

"నేను కాదు! ఒట్టు, నేను కాదు!" అన్నాడు వెండెల్.

"తెలుసులే. నేనే," అంది కొరీన్. "పారిపోయిన సీగెన్‌ఫూస్‌ని పట్టి తెచ్చాను. బహుమానం ఏదీ?"

ఆ ఏడు లేహ్యం అడుగంటింది. సరిగ్గా బాతుపాదం దగ్గరే.